కౌబాయ్ బార్ కోసం ఇంటిమీద అప్పా?

ప్రశ్న: డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. భార్యాభర్తలిద్దరం ఐటీ, ఇద్దరం హెచ్‌1బీ మీదే. టీనేజ్ పిల్లలు ఇద్దరు. ఇంటి ముందువైపు డైనింగ్ రూమ్ ఎవరూ వాడరు. దాన్ని పాత వెస్టర్న్ బార్‌లా మార్చి, ఫ్రెండ్స్ వస్తే ఓల్డ్ ఫ్యాషన్డ్, మార్గరిటా లాంటి కాక్‌టెయిల్స్ చేసి ఇవ్వాలని కోరిక. మొత్తం లెక్క 21,500 డాలర్లు తేలింది. సింక్, ప్లంబింగ్ 6,800, కౌంటర్, చెక్కపని 8,200, ఫర్నిచర్ 4,000, మందు, గ్లాసులు 2,500. బ్యాంకులో 31,000 ఉంది. నెల ఖర్చు 6,200, రిటైర్మెంట్ పొదుపు పోను 900 మిగులుతుంది. ఇంటిమీద హెలాక్ (ఇంటి పూచీ మీద ఇచ్చే అప్పు) 8.5 శాతానికి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: కోరిక బాగానే ఉందండీ, అప్పు మాత్రం వద్దు. మీ 21,500లో గ్లాసులోకి వెళ్లేది 2,500 లోపే. మిగతాదంతా నేలలోకి, గోడలోకి, కుర్చీల్లోకి పోతోంది.

ముందు సింక్ సంగతి చూద్దాం. మనవైపు డాలస్ ఇళ్లు చాలావరకు కాంక్రీట్ శ్లాబ్ మీదే కట్టినవి. పైపుల్లేని గదిలో సింక్ పెట్టాలంటే శ్లాబ్ పగలగొట్టి డ్రెయిన్ లాగాలి, సిటీ పర్మిట్ తీసుకోవాలి. ఆ 6,800లో సింక్ ఖరీదు ఎంతో అడగండి, మీకే నవ్వొస్తుంది. పక్కనే కిచెన్ ఉంది కదా, గ్లాసులు అక్కడ కడుక్కోవచ్చు. సింక్ తీసేస్తే అది డ్రై బార్ అవుతుంది. ఒక ఐస్ బకెట్, ఒక ట్రే ఉంటే పని నడుస్తుంది.

మందు లెక్క ఇంకా తేలిక. 750 మి.లీ. బాటిల్‌లో రెండు ఔన్సుల పెగ్గులు 12 వస్తాయి. 30 డాలర్ల బర్బన్ విస్కీతో చేసిన ఓల్డ్ ఫ్యాషన్డ్‌కు, చక్కెర, రెండు మూడు చుక్కల అంగోస్టురా బిట్టర్స్ (చేదు సారం), నారింజ తొక్క కలిపినా గ్లాసుకు మూడు డాలర్లు దాటదు. బర్బన్, రై విస్కీలు, జిన్, టకీలా, ఆరెంజ్ లికర్, స్వీట్ వెర్మూత్, బిట్టర్స్ ఉంటే చాలు: ఓల్డ్ ఫ్యాషన్డ్, మాన్‌హాటన్, విస్కీ సోర్, మార్గరిటా వచ్చేస్తాయి. అన్నీ కలిపి 200 డాలర్లకు అటూఇటూ. షెల్ఫ్ నిండుగా కనిపించాలని ముప్పై బాటిళ్లు కొనకండి. వెర్మూత్ వైన్ జాతి, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి నెలా రెండు నెలల్లో అయిపోగొట్టాలి. విస్కీ బాటిల్‌లో ఎన్నేళ్లు ఉన్నా రుచి పెరగదు, కాబట్టి దాచి లాభం లేదు. (ఫ్రోజెన్ మార్గరిటా మెషీన్ మాత్రం మీ డాలస్‌లోనే, 1971లో పుట్టింది. ఆ మొదటి మెషీన్ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మీ ఇంటికి మిక్సీ చాలు.)

ఇక అప్పు. 21,500ను 8.5 శాతానికి పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 267 డాలర్లు, వడ్డీయే 10,500 దాకా. పైగా హెలాక్ వడ్డీ రేటు మామూలుగా మారుతూ ఉంటుంది. పన్ను మినహాయింపు ఉంటుందని ఎవరైనా అంటే, అది ఇంటిని కట్టడానికో గట్టిగా బాగుచేయడానికో వాడిన భాగానికే. జీను కుర్చీలకూ విస్కీకీ రాదు. స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు విడివిడిగా చూపకుండా తీసుకునే మినహాయింపు) తీసుకుంటే అసలే రాదు.

మీ అసలు టెన్షన్ వేరే ఉండాలి. హెచ్‌1బీలో ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికో దేశం వదలడానికో సాధారణంగా 60 రోజుల గడువు. ఇద్దరూ ఒకే రంగం కాబట్టి లేఆఫ్‌లు వస్తే ఇద్దరికీ ఒకేసారి రావచ్చు. అందుకే ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి, అంటే 37,200. మీ దగ్గర 6,200 తక్కువ. నెలకు 900 చొప్పున ఏడు నెలల్లో అది నిండుతుంది. ఆ తర్వాత ఆరు నెలలు కూడబెడితే 5,400. ఇంట్లోనే బిగించే చెక్క కౌంటర్, గోడకు నాలుగు షెల్ఫులు, ఆవుతోలు రగ్గు, స్టూళ్లు ఆ డబ్బులో సరిపెట్టుకోండి. మన టెక్సస్‌లోనే రౌండ్ టాప్ ఊళ్లో జరిగే పాత సామాన్ల సంతలో తిరిగితే వాగన్ చక్రం, గుర్రపు జీను దొరకొచ్చు. గోడలంతా చెక్క పరిచి ఊపుడు తలుపులు పెడితే, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడు వాటిని పీకే ఖర్చు తగ్గించమని అడుగుతాడు.

పోసేవాళ్లు మీరే కనుక ఇంకోటి. పిల్లల ఫ్రెండ్స్‌కు చుక్క కూడా వద్దు, మైనర్లకు తెలిసి ఇస్తే టెక్సస్ చట్టం మిమ్మల్నే పట్టుకుంటుంది. పెద్దవాళ్లు తాగి డ్రైవ్ చేస్తే మరో చిక్కు: ఆ కేసులో అరెస్టయితే వీసాయే రద్దు కావచ్చు, మీ అతిథుల్లో సగం మంది హెచ్‌1బీలే అయి ఉంటారు. ఉబర్ డబ్బు పార్టీ బడ్జెట్‌లోనే రాయండి. మిలియన్ డాలర్ల అంబ్రెల్లా పాలసీ (మీమీద దావా పడితే ఇల్లు, కారు బీమాలకు పైన ఆదుకునే బీమా) ఏడాదికి కొన్ని వందల డాలర్లే, కోట్ తెప్పించుకోండి.

ఫర్నిచర్ షాపు ‘18 నెలలు సున్నా వడ్డీ’ అంటే కాగితం చదవండి. అది డిఫర్డ్ ఇంట్రెస్ట్ అయితే, చివర్లో పాతిక డాలర్లు మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ మొత్తం మీద పడుతుంది. ఒకవేళ తీసుకుంటే 4,000ను 16తో భాగించి నెలకు 250 ఆటోపే పెట్టి, రెండు నెలల ముందే మూసేయండి.