ప్రధాన సంఖ్యలు అనంతమని విద్యార్థుల చేతే నిరూపింపజేయడం ఎలా?

నిరూపణను ముందే బోర్డు మీద రాసెయ్యకండి. ఏవైనా కొన్ని ప్రధాన సంఖ్యలు చెప్పమని వాళ్లనే అడగండి. 2, 3, 7 అన్నారనుకుందాం. గుణించి 1 కలిపితే 43. దాన్ని ఆ మూడింటిలో దేనితో భాగించినా శేషం 1. ఎందుకలా వస్తుందో వాళ్ల నోటితో వచ్చేదాకా ఆగండి, నిరూపణకు ప్రాణం అక్కడే ఉంది. 1 కంటే పెద్దదైన ప్రతి పూర్ణసంఖ్యకూ ఒక ప్రధాన కారణాంకం ఉంటుంది. కాబట్టి జాబితాలో లేని ప్రధాన సంఖ్య దొరికి తీరుతుంది. ఏ జాబితా ఇచ్చినా ఇంతే.

చాలామంది పొరబడేది ఇక్కడే: వచ్చిన సంఖ్యే ప్రధాన సంఖ్య అనుకుంటారు. 43 చూశాక అలా అనిపించడం సహజం. అందుకని వెంటనే 3, 5, 7 ఇవ్వండి. 106 వస్తుంది, అది 2 × 53. మొదటి ఆరు ప్రధాన సంఖ్యలతో మొదలుపెట్టినా 30031 వస్తుంది, అది 59 × 509. కొత్తవి లోపల దాక్కుని ఉన్నాయన్నమాట!

‘ఇవే మొత్తం అనుకుందాం’ అని, చివరికి అది కుదరదని తేల్చే పరోక్ష నిరూపణతో మొదలుపెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ కూడా ఇచ్చిన ఏ జాబితాకైనా బయట మరొకటి ఉంటుందనే చూపాడు.