పొద్దున్నే పెరట్లో చేత్తో తీసే పిట్టల ఫోటోలు మసకగా వస్తున్నాయి, పెద్ద లెన్సు కొనాలా?

కొనక్కర్లేదు. మీ దగ్గరున్నది 70-300 మి.మీ. జూమ్ లెన్సు, స్టాండు లేదు, ఆరింటికి జామచెట్టు కింద వెలుతురు చాలదు అన్నారు. ముందు మసకబారిన ఫోటోను కంప్యూటర్లో వంద శాతానికి పెంచి చూడండి. కొమ్మా పిట్టా రెండూ ఒకే వైపుకు సాగినట్టుంటే మీ చెయ్యి కదిలింది. కొమ్మ బెరడు గరుకు కూడా తెలుస్తూ తల ఒక్కటే చెదిరితే పిట్ట కదిలింది. ముందున్న ఆకు ఈనెలు తేటగా ఉంటే ఫోకస్ ఆకు మీద పడింది. మూడింటికీ మందు వేరువేరు. లెన్సులోని స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకును సర్దే ఏర్పాటు, మొదటిదానికే పనికొస్తుంది. షట్టర్ వేగం 1/125 సెకనుకి చెయ్యి ఆగినా పిట్ట ఆగదు.

నలుపు తెలుపుల పాట పిట్ట పెద్దనల్లంచినే చూడండి. వేసవి మొదలవగానే మగది చీకటుండగానే చిటారుకొమ్మ మీద చేరి పాట ఎత్తుకుంటుంది. పాడుతున్నంతసేపూ గొంతు దగ్గర ఈకలు వణుకుతాయి, తోక పైకీ కిందికీ ఊగుతుంది. అప్పుడు 1/500 పెట్టినా తోక కొస చెదరొచ్చు. కానీ ఒక వరుస అయ్యాక ముక్కు మూసి, తల పక్కకు తిప్పి, క్షణం పాటు బొమ్మలా నిలబడుతుంది. నొక్కాల్సింది అప్పుడే. ఆ క్షణానికి 1/250 చాలు, ఒక్కోసారి 1/160 కూడా. షట్టర్ బటన్ ముందే సగం నొక్కి ఉంచితే స్టెబిలైజేషన్ కుదురుకుంటుంది. ఐదారు ఫ్రేములు వరసగా తీయండి. వేలు అదిమిన కుదుపు మొదటిదానికి తగులుతుంది, మధ్యవి బాగుంటాయి. ఆకులు కుట్టి గూడు కట్టే చిన్న పిట్ట లిక్కుజిట్టకు ఇవేవీ చెల్లవు, అది ఒక్కచోట నిలవదు. దానికి 1/800 అయినా కావాలి, అంత వెలుతురు వచ్చేదాకా ఆగాల్సిందే.

కెమెరాను మాన్యువల్లో పెట్టి, షట్టర్ 1/250, అపర్చర్ ఆ లెన్సు ఎంత తెరుచుకుంటే అంత, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటో, గరిష్ఠం 6400, ఫైలు RAW (కెమెరా కుదించని ముడి ఫైలు). ఫోకస్ ఒక్క నడిమి పాయింటుతోనే, కంటి మీద. ఐఎస్ఓ 800 దాటకూడదని వీడియోల్లో చెప్పేవాళ్ల మాట వినకండి. ఆ భయంతో 1/60కి దిగి ఎన్ని మంచి ఫోటోలు పాడుచేసుకుంటున్నారో! ఐఎస్ఓ పెరిగితే ఫోటోలో కనిపించే చుక్కల గరుకును, గ్రెయిన్‌ను, తర్వాత తగ్గించుకోవచ్చు, సాగిపోయిన కన్నును ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా తిరిగి తేలేదు. ఐఎస్ఓ తక్కువ పెట్టి నల్లగా తీసి తర్వాత వెలుతురు పెంచితే గ్రెయిన్ తగ్గదు, నీడల్లో ఇంకా పైకి తేలుతుంది. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ +1కి జరపండి, లేకపోతే నల్లంచి వట్టి నల్లమచ్చగా మిగులుతుంది.

మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఎడమ అరచెయ్యి లెన్సు కింద పెట్టి, భుజం గుమ్మానికి ఆనించండి. ఊపిరి సగం వదిలాక నొక్కండి. ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే, ముఖ్యంగా కోస్తాలో, గాజుకు ఆవిరి పడుతుంది. అరగంట ముందే సంచితో సహా బయట పెట్టండి.

ఫోన్లో కూత వినిపించి పిట్టను పిలిచే అలవాటు మాత్రం వద్దు. గూడు కట్టే రోజుల్లో మగది ఇంకో మగది వచ్చిందనుకుని, ఉన్న పని వదిలేసి పోట్లాటకు దిగుతుంది. గూటి మీద ఫ్లాష్ కొట్టడం అంతకన్నా ఘోరం.

లెన్సుకు పెట్టే డబ్బు కన్నా ఒక మట్టిమూకుడు ఎక్కువ పని చేస్తుంది. చెట్టు నీడ వదిలి, తూర్పున ఆకాశం కనిపించే చోట, రెండు అంగుళాలకు మించని లోతున నీళ్లు పెట్టండి. పక్కనే మూడడుగుల ఎండుకొమ్మ పాతండి. పిట్ట ముందు కొమ్మ మీద వాలి, చుట్టూ చూసుకుని, తర్వాతే నీళ్లకు దిగుతుంది. కొమ్మకూ మీ వంటింటి కిటికీకీ మధ్య నాలుగైదు మీటర్లు చాలు. దట్టమైన చెట్టు కిందితో పోలిస్తే అక్కడ రెండు స్టాపుల వెలుతురు (ఒక్కో స్టాపుకు రెట్టింపు, అంటే మొత్తం నాలుగు రెట్లు) సులువుగా ఎక్కువ దొరుకుతుంది, అంటే ఐఎస్ఓ 6400 అడిగే చోట 1600 సరిపోతుంది. పొద దగ్గర మాత్రం పెట్టకండి, పిల్లి మాటు వేస్తుంది. నీళ్లు రోజూ మార్చండి. పిట్టలు అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది, అందాకా మూకుడు చోటు మార్చకండి.