మా బాబుకి పూర్తి మ్యాచ్ దాత దొరకలేదు: సగం మ్యాచ్‌తో బీఎంటీకి (మూలుగ మార్పిడికి) వెళ్లాలా, కార్-టీ చేయించాలా?

ప్రశ్న: బాబుకి ఏడేళ్లు, 22 కిలోలు. బి-సెల్ ఏఎల్ఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్). మెయింటెనెన్స్ మందులు నడుస్తుండగానే మూలుగలో తిరగబెట్టింది. అక్క హెచ్ఎల్ఏ (దాత సరిపోతారా అని చూసే కణాల మీది గుర్తులు) కలవలేదన్నారు. పూర్తి మ్యాచ్ దాత కోసం ఆగాలా, వాళ్ల నాన్నతో సగం మ్యాచ్‌కి వెళ్లాలా? బంధువులేమో కార్-టీ (రోగి సొంత రోగనిరోధక కణాల్ని మార్చి క్యాన్సర్ మీదికి పంపే చికిత్స) మేలంటున్నారు.

జవాబు: దాత కోసం ఆగితే రెమిషన్ (జబ్బు కనబడకుండా అణిగిన దశ) చేజారుతుందండీ, అసలు భయం అది. మందు నడుస్తుండగానే తిరగబెట్టిన జబ్బు మళ్లీ రెమిషన్‌లోకి వచ్చినా ఎక్కువ కాలం నిలవదు. ఆ సందులోనే ట్రాన్స్‌ప్లాంట్ అయిపోవాలి. చికిత్స ముగిసి ఆరు నెలలు దాటాక తిరగబెట్టి, ఎంఆర్‌డీ (చికిత్స తర్వాత ఇంకా మిగిలిన జబ్బు కణాలు) బాగా తగ్గిన పిల్లల్లో బీఎంటీ లేకుండానే గట్టెక్కేవాళ్లున్నారు గానీ మీ బాబుది ఆ కోవ కాదు.

కాబట్టి ముందు అడగాల్సింది ఎంఆర్‌డీ ఎంత అని. మైక్రోస్కోపులో మూలుగ శుభ్రంగా కనిపిస్తే చాలదు, ఫ్లో సైటోమెట్రీ అనే ఇంకా సూక్ష్మమైన పరీక్షలో 0.01 శాతం కన్నా తక్కువ రావాలి. రాకపోతే బ్లినాటుమోమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందు ఇచ్చి దాన్ని దించి, అప్పుడు వెళ్లడం మేలు. ఎంఆర్‌డీ మిగిలుండగా వెళ్తే ఎంత మంచి దాత ఉన్నా తిరగబెట్టే ముప్పు బాగా ఎక్కువ.

ఇక మ్యాచ్ సంగతి. హెచ్ఎల్ఏ సగం నాన్న నుంచి, సగం అమ్మ నుంచి వస్తుంది కనుక ఇద్దరూ సగం మ్యాచే. తోబుట్టువు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి, సగం కలిసేది రెండింట ఒకటి. అందుకే అక్కకి 'కలవలేదు' అంటే అసలు కలవలేదా, సగం కలిసిందా అని రిపోర్టు పెట్టి అడగండి.

సగం మ్యాచ్ అంటే ఒకప్పుడు భయపడేవారు, దాత టి-కణాలు (రోగనిరోధక కణాలు) పిల్లాడి చర్మం, పేగు, కాలేయాల మీద పడతాయని (దాన్నే జీవీహెచ్‌డీ అంటారు). అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు తీర్చిదిద్దిన పద్ధతితో ఆ భయం చాలా తగ్గింది: కణాలు ఎక్కించాక 3వ, 4వ రోజుల్లో కిలోకి 50 మి.గ్రా. చొప్పున సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు. మీ బాబు బరువుకి రోజుకి 1100 మి.గ్రా. పిల్లాడి ఒంటిని పరాయిదనుకుని ఎగబడే టి-కణాలు అప్పటికి జోరుగా విభజన చెందుతుంటాయి, మందు దెబ్బ వాటికే ఎక్కువ తగులుతుంది. మూలకణాల దగ్గర ఆ మందుని విరిచేసే ఎంజైము ఉంటుంది, అవి తట్టుకుంటాయి. టి-కణాల్ని అణిచే టాక్రోలిమస్ మందు సాధారణంగా 5వ రోజు నుంచి మొదలుపెట్టేది ఇందుకే. ముందే ఇస్తే టి-కణాల విభజన ఆగి, సైక్లోఫాస్ఫమైడ్‌కి గురి ఉండదు. ఆ మొదటి రోజుల్లో జ్వరం 103 దాటొచ్చు. యాంటీబయాటిక్స్ ఇస్తారు, స్టెరాయిడ్ మాత్రం అదే కారణంతో వీలైనంతవరకు ఇవ్వరు. 'ఇంత జ్వరానికి స్టెరాయిడ్ ఎందుకివ్వరు' అని డాక్టరుతో గొడవ పడకండి. రోమ్‌లోని బంబీనో జేసు పిల్లల ఆసుపత్రి ఇంకో దారి పట్టింది: ఆల్ఫా-బీటా టి-కణాలని యంత్రంతో ముందే వడకట్టి, మిగతావి ఎక్కించడం. కిట్ ఖరీదు వల్ల మన దగ్గర అది తక్కువ.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడ. పిల్లాడికి రక్తం కావాలనగానే నాన్న, బాబాయి, మేనమామ బారులు తీరతారు. బీఎంటీ ఆలోచన ఉన్నప్పుడు రక్తసంబంధీకుల రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించకూడదు. వాళ్ల హెచ్ఎల్ఏ మీద బాబు ఒంట్లో యాంటీబాడీలు పుడితే రేపు అదే నాన్న కణాలు పట్టుకోవు. ఇప్పటికే ఎక్కించి ఉంటే డీఎస్ఏ పరీక్ష (దాత హెచ్ఎల్ఏ మీద యాంటీబాడీలున్నాయా అని చూసేది) తప్పనిసరి. ఎక్కించకపోయినా సగం మ్యాచ్‌కి అది చేయించాల్సిందే. ఎక్కువగా వస్తే దాతని మార్చడమే తేలిక.

మూలుగ ఖాళీ చేసే కండిషనింగ్‌లో ఒళ్లంతా రేడియేషన్ ఉందా అని అడగండి. నాలుగేళ్లు దాటిన ఏఎల్ఎల్ పిల్లల మీద జరిగిన ఫోరం ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. 3 రోజుల్లో 6 విడతలుగా 12 గ్రే (రేడియేషన్ కొలత) రేడియేషన్, దానికి ఎటోపొసైడ్ అనే కీమో మందు తోడు: రెండేళ్లకి 91 శాతం బతికున్నారు. కీమో ఒక్కటే ఇచ్చినవాళ్లలో 75. అవి బాగా కలిసిన దాతలతో చేసినవి, సగం మ్యాచ్‌కి ఆ అంకెల్ని యథాతథంగా వేయలేం. ఎదుగుదల, థైరాయిడ్, ముందుముందు సంతానం మీద రేడియేషన్ దెబ్బ పడుతుంది, అది కూడా ముందే మాట్లాడుకోండి.

కార్-టీ: ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ పరిశోధన నుంచి వచ్చిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది, అయితే 15 ఏళ్లు నిండినవాళ్లకి. అమెరికాలో 2017లో పిల్లలకి అనుమతి పొందిన టిసాజెన్‌లెక్లూసెల్ కూడా చికిత్సకి లొంగని జబ్బుకి, లేదా రెండోసారి, ఆపైన తిరగబెడితేనే. దాని ట్రయల్‌లో మూడు నెలల్లోపు 81 శాతం రెమిషన్‌లోకి వచ్చారు గానీ ఏడాదికి ఏ ఇబ్బందీ లేకుండా నిలిచింది సగం మందే. మొదటిసారి తిరగబెట్టిన ఏడేళ్ల పిల్లాడికి బీఎంటీ బదులుగా దాన్ని లెక్కేసుకోకండి. ప్రైవేటు బ్యాంకులో దాచిన బాబు సొంత బొడ్డుతాడు రక్తం కూడా పనికిరాదు, జబ్బు విత్తనం అందులోనే ఉండొచ్చు.

డబ్బు కోసం వెతికేటప్పుడు కోల్ ఇండియా బాలసేవా యోజన గురించి చెబుతారు. అది తలసేమియా, అప్లాస్టిక్ అనీమియాలకి, ల్యుకేమియాకి కాదు. ప్రధానమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టండి.

ఇంటికొచ్చాక టాక్రోలిమస్ లెవెల్ తీసే రోజు పొద్దుటి డోసు రక్తం ఇచ్చాకే వేయాలి. తాగించి తీసుకెళ్తే లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, డోసు తగ్గిస్తారు, తర్వాత ఒంటి మీద జీవీహెచ్‌డీ దద్దుర్లు మొదలవుతాయి. మందు ఎక్కించిన లైన్‌లోంచే నమూనా తీసినా ఇదే పొరపాటు. పంపర పనస పెట్టొద్దు, లెవెల్ పెంచుతుంది. ఫంగస్ మందు మొదలుపెట్టినా ఆపినా లెవెల్ మళ్లీ చూడాలి. 100.4 జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి చూద్దామనుకోకుండా అర్ధరాత్రైనా బయల్దేరండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పల్స్ పోలియో చుక్కలు వేయించొద్దు, ఆ వైరస్ మలంలో బయటికొస్తుంది. వాళ్లకి ఇంజెక్షన్ పోలియో టీకా వేయమని అడగండి.