కారు పేరు చెప్పి క్లచ్ ప్లేటు కొనొద్దు, అల్లుడూ

తిరుపతి

అల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. మా బావ నడిపిన అంబాసిడర్‌ను నువ్వు మళ్లీ రోడ్డు మీదికి తెచ్చినావంటే నా కడుపు నిండింది. చిత్తూరు దగ్గర మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిను అరుస్తా ఉంది గానీ బండి ముందుకు పోవడం లేదని, అందుకే బలమైన క్లచ్ సెట్టు వేయిస్తానని రాసినావు. అంగడివాడికి అడ్వాన్సు ఇచ్చేముందు ఈ ఉత్తరం రెండుసార్లు చదువు.

బయట నుంచి చూస్తే అది అంబాసిడరే. లోపల మాత్రం కాదు. కంపెనీ ఇచ్చిన 1489 సీసీ ఇంజిను పోయి, కాంటెస్సా కార్లలో వచ్చిన 1817 సీసీ ఇసుజు వచ్చి కూర్చుంది. గేర్ బాక్సు వేరే బండిది. ఇంజిను వెనక తిరిగే బరువు చక్రం, ఫ్లైవీల్, ఎక్కడిదో అమ్మినోడికి కూడా తెలీదని నువ్వే రాసినావు. ఇట్లాంటి బండికి అంగట్లో నిలబడి 'అంబాసిడర్ క్లచ్ ఇవ్వన్నా' అని అడిగితే నీకు దొరికేది ఆ పేరుకు సరిపోయే సామానే, నీ బండికి సరిపోయేది కాదు. ఇంజిను బలాన్ని గేర్ బాక్సుకు అందించే క్లచ్ ప్లేటుకు ఇద్దరు యజమానులు. దాని నడిమి బొడ్డు గేర్ బాక్సు షాఫ్టుది, చుట్టూ ఉన్న లైనింగు, అంటే పట్టుకునే పొర, ఫ్లైవీల్‌ది. ఇద్దరినీ అడిగి కొనాల.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న విషయం. షెడ్డు పెట్టిన కొత్తలో, ఇంజిను మార్చిన అంబాసిడర్ ఒకటి నా దగ్గరికొచ్చింది. కొత్త ప్లేటును షాఫ్టు మీదికి తోసి చూస్తే మెత్తగా జారింది. పండ్లు కలిసినాయి కదా, ఇంకేం కావాలని బిగించేసినా. ఆ కుటుంబం మరుసటి వారం కొండకు బయల్దేరింది. అలిపిరి దాటి కొంత దూరం ఎక్కినారో లేదో, కాలిన వాసన. 1974లో వేసిన ఆ రెండో ఘాట్ రోడ్డు ఎక్కడానికి మాత్రమే, మధ్యలో వెనక్కి తిప్పేదానికి లేదు. ముసలామెను, పసిబిడ్డను వేరే బండి ఎక్కించి పంపినారు. గేర్ బాక్సు దించి చూస్తే ఫ్లైవీల్ బోల్టు తలల మీద నెలవంకల మాదిరి మెరిసే గీతలు. ప్లేటు బొడ్డులోని స్ప్రింగులు ఆ తలలకు తగులుకుని, లైనింగును ఫ్లైవీల్‌కు పూర్తిగా ఆననీయలేదు. ఆ ఫ్లైవీల్‌కు బోల్టు తలలు ఎత్తుగా ఉండినాయి, నేను చూసుకోలేదు. ఆ ముసలామె ముఖం ఇప్పటికీ నాకు గుర్తే.

అప్పటినుంచి కలగలుపు బండి ఏదొచ్చినా చపాతీ పిండి తెప్పిస్తా. చిన్న ఉండలు చేసి బోల్టు తలల మీద అంటించు. అంటుకోకుండా పైన నూనె రాయి. ప్లేటు పెట్టి, దాన్ని ఫ్లైవీల్‌కు అదిమిపట్టే ప్రెషర్ ప్లేటును వంతులవారీగా కొంచెం కొంచెం బిగించి, మళ్లీ విప్పు. నలిగిన పిండిని బ్లేడుతో అడ్డంగా కోసి మందం కొలువు. అదే నీకున్న సందు. లైనింగు అరిగేకొద్దీ బొడ్డు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది గనుక, ఆ సందు లైనింగు పైనుంచి దాన్ని బిగించిన రివెట్ తల దాకా ఉన్న లోతు కంటే ఖచ్చితంగా ఎక్కువ ఉండాల. ఈరోజు తగల్లేదని సరిపెట్టుకుంటే ఆరు నెలలకు తగులుతుంది. ఆఖరున పిండి మరక లేకుండా తుడువు.

కానీ అసలు నీకు పెద్ద క్లచ్ కావాలా? ముందు పెడల్ ఆట, అంటే తొక్కినప్పుడు మొదట ఖాళీగా కదిలే దూరం, చూడు. ఆట లేకుండా బిగించి ఉంటే కాలు పెట్టకపోయినా క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటును తోస్తానే ఉంటుంది, ఎంత బలమైన ప్లేటైనా జారుతుంది. తర్వాత క్లచ్‌ను కప్పే డొప్ప, బెల్ హౌసింగ్, కింద వేలు పెట్టి చూడు. నూనె తగిలితే క్రాంకు (ఇంజినులో తిరిగే షాఫ్టు) వెనక సీలు గానీ గేర్ బాక్సు ముందు సీలు గానీ కారుతోందని అర్థం. దాన్ని ఆపకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ నూనె తాగుతుంది. ఈ రెండూ బాగుండి ఇంకా జారితేనే బలం పెంచే మాట.

పెంచినా ఒక మెట్టు చాలు. ప్రెషర్ ప్లేటు స్ప్రింగు బలం పెరిగితే ఎడమకాలికి మాత్రమే బరువు కాదు. నువ్వు పెడల్ తొక్కిన ప్రతిసారీ రిలీజ్ బేరింగు తోపు క్రాంకును ముందుకు నెడుతుంది, క్రాంకు జరక్కుండా ఆపే థ్రస్ట్ వాషర్లు దాన్ని మోయాల. ఇంజిను ఆపి, ముందు పుల్లీ దగ్గర కన్ను పెట్టి, ఇంకొకరిని పెడల్ తొక్కమను. పుల్లీ కంటికి కనపడేంత కదిలితే ముందు వాషర్ల సంగతి చూసుకో, క్లచ్ తర్వాత.

స్ప్రింగు బలం కంటే ప్లేటు అడ్డుకొలత పెంచడం నాకు ఇష్టం. పెడల్ బరువెక్కకుండానే పట్టు పెరుగుతుంది. అయితే ఫ్లైవీల్ మీద అంత చోటు, ప్రెషర్ ప్లేటు కవర్ బోల్టులకు సరైన బెజ్జాలు ఉండాల. కొత్త బెజ్జాలు వేయిస్తే బ్యాలెన్స్ చేయించకుండా బిగించొద్దు.

రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటుకు జోడీ. పాతకాలం కార్బన్ రింగు బేరింగును తెచ్చి వేళ్ల లాంటి కొసలున్న డయాఫ్రమ్ స్ప్రింగు మీద పెడితే నిలవదు, బాల్ బేరింగే కావాల. హైడ్రాలిక్ అయితే, పుష్ రాడ్‌తో బేరింగును తోసే స్లేవ్ సిలిండర్ బోరు కూడా కొలువు. పెడల్ తేలికవుతుందని 3/4 అంగుళం తీసేసి 7/8 వేస్తే పుష్ రాడ్ నడక పావువంతు తగ్గిపోతుంది. అప్పుడు క్లచ్ పూర్తిగా విడవదు, ఫస్టు గేరు కరకరమంటుంది.

అదే కరకర, క్రాంకు చివర గేర్ బాక్సు షాఫ్టు ముక్కును మోసే పైలట్ బుష్ వల్ల కూడా వస్తుంది. నీ క్రాంకు ఒక కంపెనీది, షాఫ్టు ముక్కు ఇంకో కంపెనీది. రెంటికీ సరిపోయే బుష్ అంగట్లో దొరకదు, వెర్నియర్‌తో కొలతలు తీసుకుని లేత్‌లో ఫాస్ఫర్ బ్రాంజ్‌తో తిప్పించాల. ఈ పనికి నాకు తెలిసిన లేత్ ఆయన ఇక్కడ ఉన్నాడు, వెంట్రుకవాసి తేడా రానీయడు.

సామాను కోసం చెన్నై పుదుపేట పోతే పాత ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు సంచిలో వేసుకుని పో. షాఫ్టు పండ్లు లెక్కపెట్టి రాసుకో. లెక్క కలిసినా మందం కలవకపోవచ్చు, అందుకే దాని మీద ఆడే పాత ప్లేటు చేతిలో ఉండాల.

ఇంకొకటి. బెల్ హౌసింగ్ లోపలి దుమ్మును కంప్రెసర్‌తో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను కవర్లో కట్టి పారెయ్.

బిగించినాక 500 కిలోమీటర్లు చిత్తూరు చుట్టుపక్కలే మెల్లగా తిప్పు, లైనింగు కుదురుకోవాల. ఆ తర్వాత మొగిలి ఘాట్. 

బాక్సు ఏ ఆదివారం దించుతావో ఫోన్ చెయ్. డయల్ గేజ్ తీసుకుని పొద్దున ఫస్టు బస్సుకే వస్తా. అక్కకు చెప్పు, మధ్యాహ్నం సంగటి చెయ్యమని.

మీ మామ