‘ఫోర్ట్ అపాచీ’ సినిమాలో చూపించిన యుద్ధం నిజంగా జరిగిందా?

జరగలేదు, 1948లో జాన్ ఫోర్డ్ తీసిన ఈ బ్లాక్ అండ్ వైట్ సినిమాలో కల్నల్ థర్స్‌డే దళం తుడిచిపెట్టుకుపోయే పోరు కల్పితమే. కాకపోతే దాని వెనక ఒక అసలు ఓటమి నీడ ఉంది. 1876 జూన్ 25న మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర లకోటా, షయాన్ అనే అమెరికా ఆదివాసీ తెగల యోధుల చేతిలో అమెరికా సైన్యాధికారి కస్టర్, అతని వెంట ఉన్న ఐదు కంపెనీల సైనికులు హతమయ్యారు. సినిమా ఆ ఘటనను అరిజోనాకి, అపాచీ అనే మరో ఆదివాసీ తెగ మధ్యకి మార్చింది. పేర్లు మార్చడం వల్లే, అప్పట్లో వీరుడిగా కొలిచే సేనాని మొండితనాన్ని అంత సూటిగా చూపించగలిగారని నా అభిప్రాయం.

చివరి సీన్ చూడండి. థర్స్‌డే దాడిని వీరగాథలా చూపే పెయింటింగ్ గురించి విలేకరులు అడుగుతారు. జాన్ వేన్ పోషించిన యార్క్ అనే సైనికాధికారికి అసలు సంగతి తెలుసు. అయినా అందులో ప్రతి వివరమూ సరైనదే అంటాడు! కస్టర్ కీర్తి కూడా ఇలాంటి బొమ్మలతోనే పెరిగింది.

అపాచీ కోట, కొచీస్ అనే అపాచీ నాయకుడు నిజంగా ఉన్నవే కాబట్టి యుద్ధమూ నిజమేనని చాలామంది అనుకుంటారు. కానీ కొచీస్ 1872లోనే సంధి చేసుకుని, 1874లో, అంటే కస్టర్ ఓటమికి రెండేళ్ల ముందే చనిపోయాడు.