బోటు ఇంజిన్ కబుర్లు: బ్యాటరీ కొత్తదే, మూడో రాత్రికే డౌన్!

ప్రశ్న: నమస్తే అండి. మాది కాకినాడ, చెక్క బోటు, 24 వోల్టుల వైరింగ్, రెండు బ్యాటరీలు. వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, బోటు ఒడ్డుకెక్కించి డైనమో విప్పించి ఇంజిన్ మొత్తానికి శుభ్రంగా పెయింట్ కొట్టించాం. మళ్ళీ వేటకెళ్ళిన దగ్గర్నుంచీ ఒకటే గోల. మొదటి రోజు సెల్ఫ్ టక్కున పట్టేస్తుంది, మూడో రాత్రికి లైట్లు మసకబారిపోతాయి, తెల్లారి సెల్ఫ్ కొడితే టిక్ టిక్ అంటుంది అంతే. బ్యాటరీలు రెండూ కొత్తవి వేశా, అదే కథ. మెకానిక్ డైనమో పోయిందంటాడు, షాపులో బల్ల మీద బిగించి తిప్పి చూస్తే బ్రహ్మాండంగా ఉందంటారు. ఇంకోటి, ఒక బ్యాటరీలో నీళ్ళు తెగ తగ్గిపోతున్నాయి, జీపీఎస్, వైర్‌లెస్‌కి 12 వోల్టులు లాగిన రెండోదాంట్లో ఏం తగ్గట్లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఇంకో బ్యాటరీ కొనడం ఆపండి. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టుంది మన బోట్లలో బ్యాటరీల పరిస్థితి, ఎక్కడ ఏం తేడా వచ్చినా దాన్నే మార్చేస్తాం.

మీ ఉత్తరంలో నాకు పట్టుబడిన మాట "పెయింట్". డైనమోకి నెగెటివ్ చాలావాటిలో విడిగా వైరు ఉండదు, దాని బాడీనే ఎర్త్, బ్రాకెట్ మీదుగా ఇంజిన్‌కి, అక్కణ్ణించి బ్యాటరీకి వెళ్తుంది. మీరు బ్రాకెట్ ముఖానికి కూడా రంగు పూసేసి దాని మీద డైనమో బిగించి ఉంటారు, ఇక కరెంటు బోల్టు మరల (థ్రెడ్‌ల) మీదుగా ఏదో కాస్త వెళ్తుంటుంది. షాపులో బల్ల మీద క్లాంపు పట్టేది ఉత్త ఇనుముని కాబట్టి వాళ్ళకి బాగానే కనిపిస్తుంది, పాపం వాళ్ళు అబద్ధం చెప్పలేదు.

ఇది ఊహే, మీటర్ పెట్టి తేల్చుకోండి. మామూలు మల్టీమీటర్ చాలు, డీసీ వోల్టుల్లో పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేసి లైట్లన్నీ వేసి బ్యాటరీల రెండు చివర్ల మీద చూస్తే 27.6 నుంచి 28.8 మధ్య రావాలి. మీకు 25, 26 దగ్గరే ఆగుతుందనుకుంటున్నా. ఇప్పుడు అదే డైనమో మీద, పాజిటివ్ కేబుల్ తగిలించే దాని పెద్ద బోల్టుకీ బాడీకీ మధ్య పెట్టండి, 28 వస్తే డైనమో నిక్షేపంలా ఉన్నట్టే, కరెంటు దారిలో పోతోంది. ఎక్కడ పోతోందో పట్టుకోవాలంటే ఒక పిన్ను డైనమో బాడీ మీద, గీకిన చోట, ఇంకోటి బ్యాటరీ నెగెటివ్ మీద. మూడు నాలుగు పాయింట్లు, అంటే 0.3, 0.4 వోల్టులు చూపిస్తే పర్లేదు, ఒకటి రెండు వోల్టులు చూపిస్తే దొంగ అక్కడే. పాజిటివ్ వైపు కూడా ఇలాగే, పెద్ద బోల్టు నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి. (లుంగీ కొస బెల్టు దగ్గరికి రానీకండి, చూశాను నేను.)

నెగెటివ్‌లో తేలితే డైనమో విప్పి బ్రాకెట్ ముఖం, బోల్టు కింద, వాషర్ కింద ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకండి. నేనైతే దాంతో ఊరుకోకుండా డైనమో బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి ఒక లావు కేబుల్ విడిగా వేసేస్తా, బిగించాక పైన గ్రీజు రాస్తా. పాజిటివ్‌లో తేలితే కేబుల్ చివర బోల్టుకి తగిలించే లగ్గు దగ్గర రబ్బరు రెండంగుళాలు కోసి చూడండి, పైకి నున్నగా కనిపించే కేబుల్ లోపల రాగి నల్లగా, పచ్చటి చిలుము పట్టి పొడి రాలుతుంటుంది ఉప్పుగాలికి. కొత్త లగ్గు వేస్తే సరిపోదు, మంచి రాగి వచ్చేదాకా కోయాలి.

నీళ్ళ సంగతి వేరే. తప్పు నీళ్ళు తగ్గే బ్యాటరీది కాదండి. 12 వోల్టులు లాగిన బ్యాటరీ ఎప్పుడూ సగం ఖాళీగా ఉంటుంది, చార్జింగ్ వోల్టేజీలో దాని వాటా తగ్గి, ఏమీ లాగని బ్యాటరీ మీద ఎక్కువ పడి అది ఉడికిపోతుంది. 24 నుంచి 12 చేసే కన్వర్టర్ పెట్టించి జీపీఎస్, వైర్‌లెస్ దాని మీదకి మార్చండి. అప్పటిదాకా డిస్టిల్డ్ వాటరే పొయ్యండి.

అన్నట్టు మీ మెకానిక్ ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "డైనమో చూద్దాం" అంటే చెయ్యి పట్టుకుని ఆపండి. డైనమో లోపలి డయోడ్లు పోతాయి, అప్పుడు నిజంగానే డైనమో పోయినట్టు.

ప్రశ్న: నిజాంపట్నం నుంచి. కీ ఆన్ చేస్తే వెలగాల్సిన చార్జింగ్ లైటు వెలగట్లేదు. చిన్న ఎల్ఈడీ వేయించాక ఇలా అయింది. వెలగకపోతే మంచిదేగా?

జవాబు: ఇంజిన్ నడిచేటప్పుడు ఆరితే మంచిది, కీ ఆన్ చేసినప్పుడు వెలగాల్సిందే. చాలా డైనమోలకి మొదట్లో లేపడానికి కావాల్సిన చిటికెడు కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది, ఎల్ఈడీ అంత కరెంటు వదలదు. పాత రకం ఫిలమెంట్ బల్బే, అదే వాట్స్‌ది పెట్టండి. అప్పటికీ వెలక్కపోతే బల్బు వైరు డైనమో దగ్గర ఊడిందేమో, కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయేమో చూపించండి.