1918 రూపాయి: ముందు చింతపండు పక్కన పెట్టండి

అమ్మమ్మగారి పెట్టెలో దొరికిన అయిదో జార్జి వెండి రూపాయిని చింతపండుతో తోమి, ఆపై గ్రేడు అడుగుతానన్నారు. దయచేసి తోమకండి! మెరుపు వస్తుంది, విలువ పోతుంది. వెండికి కాలక్రమంలో పట్టిన నలుపును సేకర్తలు తప్పుగా చూడరు.

గ్రేడంటే నాణెం ఎంత బాగా మిగిలిందో చెప్పే స్థాయి, అందులో ముఖ్యమైనది అరుగుదల. కిటికీ దగ్గర భూతద్దం పెట్టి, నాణేన్ని కొద్దిగా ఏటవాలుగా పట్టి తిప్పుతూ చూడండి. ముందు అరిగేవి రాజు బొమ్మలో ఎత్తైన చోట్లు: కిరీటం, చెవి, కనుబొమ్మ, మీసం. రాజు అంగీ మీది చిన్న ఏనుగు బొమ్మనూ గమనించండి. (1911 నాణెంలో అది పందిలా ఉందని గొడవ జరిగితే బొమ్మ మార్చారు.) ఏనుగు తెలుస్తూ, కిరీటం వివరాలు కొంత నునుపెక్కితే ‘వెరీ ఫైన్’ గ్రేడు. ఎత్తుల మీద మాత్రమే స్వల్పంగా అరిగితే అంతకన్నా మెరుగైన ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’.

గుంటూరులో ఏ నగల కొట్టులోనైనా తూయించండి, 11.66 గ్రాములకు దగ్గరగా ఉండాలి. బాగా తేడా వస్తే గ్రేడు సంగతి తర్వాత, అసలుదో కాదో చూడాలి.